మోటుపల్లి రేవు

చీరాలకు దక్షిణముగా సముద్రతీరము వెంబడి పోవు బాటసారికి చినగంజాము ఉప్పుమళ్లు కనబడును. ఆ ప్రాంతముననే మోటుపల్లి యను చిన్నగ్రామము కలదు. ఇప్పుడది బాపట్ల జిల్లాలో జేరినది. ఇసుకనేల, తాటిచెట్లు, గాలితోపాటు వినవచ్చు కడలిహోరు, ప్రాచీనమగు వీరభద్రాలయము: ఇంతియే యచ్చటి వైభవము. పూర్వపు టోడలు లేవు, రేవు లేదు. అయినను కాకతీయుల చరిత్రము వ్రాయబూనినవా డెవ్వడును ఈ పల్లెను దాటిపోజాలడు.

కారణ మా యాలయమందలి శిలాస్తంభము. శాలివాహనశకము 1166 క్రోధి సంవత్సరమున, అనగా క్రీ. శ. 1244లో, గణపతిదేవ చక్రవర్తి దానిపై నొక శాసనమును జెక్కించెను. మన శాసనములలో బెక్కులు దానములను, విజయములను జెప్పును. ఇది పరదేశపు వర్తకులకు రాజిచ్చిన మాట. తుపానుచే జెడి తీరమునకు గొట్టుకొని వచ్చిన యోడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను బూర్వరాజులు బలాత్కారముగా గైకొనుచుండిరి. గణపతిదేవుడు ఆ యాచారమును మాన్పి, నియమితమైన సుంకము దక్క తక్కినదంతయు నోడవారిదే యని ప్రకటించెను. ప్రాణముకంటెను ధనమే గొప్పదని తలచి సముద్రమునకు దెగించినవారియెడ దయ చూపుచున్నాననియు నందు జెప్పించెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట నొక పాలు. ఆపై సరకుల పట్టిక: మంచిగంధము, కర్పూరము, ముత్యములు, పన్నీరు, ఏనుగుదంతము, రాగి, సీసము, పట్టునూలు, పగడములు, మిరియములు, పోకలు. కావ్యములలోని పురవర్ణనలను గాసేపు ప్రక్కనుంచి ఈ పట్టికను జదివినచో నాటి యంగడివీథి కన్నులకు గట్టును.

ఇది దయయా, లాభాపేక్షయా యని కొందఱు ప్రశ్నింపవచ్చును. శాసనము కరుణను, కీర్తిని, ధర్మమును బేర్కొన్నది. నా మతమున నీ రెంటికిని విరోధము లేదు. పగిలిన యోడను దోచుకొన్న రాజున కొకసారియే లాభము. ఆ వార్త విన్న నావికుడు మఱల నా రేవు ముఖము జూడడు. ముప్పదింట నొక పాలన్ననో యేటేటను వచ్చును. సముద్రమునకు దూరముగా నోరుగంట నున్న ప్రభువునకు నావికుల నమ్మకమే మూలధనము.

వెనీసు నగరపు యాత్రికుడు మార్కోపోలో ఈ దేశమును ‘ముత్ఫిలి’ యని వ్యవహరించెను. రేవు పేరే రాజ్యమునకు బేరయ్యెను! అచ్చటి వజ్రములను, సాలెగూటివంటి సన్నని వస్త్రములను బొగడి, న్యాయముగా నేలిన రాణిని గతించిన రాజునకు భార్యగా జెప్పెను. రుద్రమదేవి గణపతిదేవుని కొమార్తె యని మన మెఱుగుదుము. చందుపట్ల శాసనమును బట్టి యామె 1289 నాటికే గతించెను. పోలో చీనానుండి మరలిన ప్రయాణము అటుపిమ్మటిది. కావున రాణి మాట యాతడు రేవులలో వినినదే కాని చూచినది కాదని తలచుట యుక్తము.

1323లో కాకతీయరాజ్యము పడిపోయినను రేవున కిచ్చిన మాట చెడలేదు. రెడ్డిరాజగు అనపోతభూపాలుడు 1358లో నిచ్చటనే మఱియొక శాసనమున వర్తకుల కభయమిచ్చి, పుత్రహీనుడై చనిపోయిన వర్తకుని సొత్తును రాజు గైకొను ‘అపుత్రిక’ మను పద్ధతిని ద్రోసివేసెను. పరదేశమున మరణించువాని భయ మెట్టిదో యెఱిగినవాడే యిట్లు చేయగలడు. శ్రీనాథుడు హరవిలాసము నంకితమిచ్చిన అవచి తిప్పయసెట్టి వంటి వర్తకులు ఆ రెడ్లరాజ్యమున వర్ధిల్లినవారే. ఉత్తరకాలమున మచిలీపట్టణము ప్రబలెను. మోటుపల్లి పేరు శాసనములలో మిగిలెను.

1918లో వేటపాలెమున స్థాపితమైన సారస్వతనికేతనమునకు గ్రంథములకై వచ్చు పండితులు మఱికొంత దూరము నడచినచో ఈ పల్లెను జేరవచ్చును. ఉదయముననే పోవుట మేలు; ఎండ యెక్కినకొలది ఇసుక కాలును. ఆలయమున గూర్చుండి, సరకుల పట్టికనున్న భాగమును శిష్యులచే బిగ్గరగా జదివింపవలెను.