కెమెరా వెల, చిత్రం విలువ

ఖరీదైన కెమెరా చేతికి వచ్చినంత మాత్రాన మనిషి మంచి ఛాయాచిత్రకారుడు కాగలడా అన్న ప్రశ్న ఈనాటిది కాదు. ఫ్రాన్సులో డాగెర్ 1839లో తన పద్ధతిని లోకానికి వెల్లడించగా, మరుసటి ఏటికే కెమెరా కలకత్తా చేరింది. బొంబాయిలో 1854లోను, కలకత్తా, మద్రాసులలో 1856లోను ఛాయాచిత్ర సంఘాలు ఏర్పడ్డాయి. యంత్రం, కటకాలు, రసాయనాలు అన్నీ ఓడలో రావలసినవే. అందుచేత తొలి తరం ఛాయాచిత్రకారులలో సైనికాధికారులు, వైద్యులు, సంస్థానాధీశులు, సంపన్న వర్తకులు ఎక్కువగా కనిపిస్తారు. చిత్రం ఎవరు తీయవచ్చునన్నది మొదట ధనమే నిర్ణయించింది. ఎలా తీశారన్నది మాత్రం ధనం నిర్ణయించలేకపోయింది.

మద్రాసు ప్రభుత్వం 1856లో కెప్టెన్ లీనియస్ ట్రైప్‌ను తన ఛాయాచిత్రకారునిగా నియమించింది. అప్పటికి నవీనమనిపించుకున్నది తడి కొలోడియన్ పద్ధతి. గాజుపలకపై ద్రావకం పూసి, అది ఆరకముందే చిత్రం తీసి, చీకటి గుడారంలో వెంటనే కడగాలి. మన ఎండలలో ఆ వ్యవధి కొద్ది నిమిషాలే. ఆ పద్ధతిలో వచ్చే చిత్రం స్ఫుటత కాదనలేనిది. అయినా ట్రైప్ 1857 చివరలో దక్షిణ జిల్లాలకు బయలుదేరినప్పుడు ప్రధానంగా నమ్ముకున్నది పాతబడిపోయిన మైనపు కాగితపు నెగటివ్‌లను. ఆ కాగితాన్ని ముందుగానే సిద్ధం చేసుకోవచ్చు, చిత్రం తీసిన తరువాత తీరికగా కడుక్కోవచ్చు, పైగా బండి కుదుపులకు అది పగలదు. తంజావూరు బృహదీశ్వరాలయ విమానం అడుగున చుట్టూ ఉన్న శాసనాలను ఆయన వరుసగా చిత్రించి, 21 ప్రతులను అతికి, సుమారు 19 అడుగుల పొడవైన ఒకే చిత్రంగా కూర్చాడు. దారి స్వభావమూ ఎండ స్వభావమూ ఎరిగి సాధనాన్ని ఎంచుకున్నవాడు కనుకనే ఆ పని చేయగలిగాడు. 1859లో గవర్నరుగా వచ్చిన సర్ చార్లెస్ ట్రెవెల్యన్ ఈ శాఖను ఖజానా భరించలేని విలాసంగా ఎంచి మూసివేయించాడు. ఆయనను తప్పుపట్టడం ఇప్పుడు సులభమే కాని, 1857 తిరుగుబాటు తరువాతి ఖజానా స్థితినీ తలచుకోవలసి ఉంటుంది.

సాధనాల విషయంలో ఏ లోటూ లేని రాజవంశీయులలో జైపూర్ మహారాజు రెండవ సవాయి రాంసింగ్ ముఖ్యుడు. ఆయన తీసిన అంతఃపుర స్త్రీల చిత్రాలు నేటికీ చూపరులను నిలబెడతాయి. అవి మంచి కటకం వలన సాధ్యమయ్యాయా, లేక ఆ గడప దాటే అర్హత ఆయనకొక్కనికే ఉండడం వలననా? నా దృష్టిలో రెండవదే అసలు కారణం.

ఇదే సంగతి మన హైదరాబాదు చరిత్రలో ఇంకా స్పష్టంగా కనబడుతుంది. లాలా దీన్ దయాళ్ 1844లో మీరట్ సమీపంలోని సర్ధనాలో జన్మించారు. రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో ప్రభుత్వ నిర్మాణ శాఖలో అంచనాలు, నమూనా పటాలు తయారు చేసే ఉద్యోగంలో చేరారు. కెమెరా పట్టినది 1874లో, అంటే ముప్ఫయ్యవ యేట. అప్పటికే కట్టడాన్ని కొలతలలో చదవడం ఆయన వృత్తి. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ ప్రాంతం తిరిగి తీసిన చిత్రాలలో గోపురమో ద్వారమో ఎక్కడ నిలబడి చూస్తే తన నిర్మాణ రహస్యం విప్పుతుందో అక్కడే కెమెరా నిలిచి ఉంటుంది. పటం గీసిన చేతికి అలవడిన చూపు అది.

1880ల మధ్య నాటికి ఆయన ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆశ్రయం పొందారు, సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పారు. నిజాం ప్రభువు ఆయనకు ‘రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్’ అన్న బిరుదు ప్రసాదించారు. ఈ దశలో దీన్ దయాళ్‌కు సాధనాల కొరత లేదు. పెద్ద గాజుపలకలు, శ్రేష్ఠమైన కటకాలు, శిక్షితులైన సిబ్బంది అన్నీ ఉన్నాయి. వీటిని తక్కువ చేసి మాట్లాడడం చరిత్రకు అన్యాయం. పెద్ద పలక లేనిదే దర్బారులోని వందమంది ముఖాలూ విడివిడిగా గుర్తుపట్టేలా రావు. అయితే అదే కాలంలో అదే స్థాయి సామగ్రితో బొంబాయి, కలకత్తాలలో ఐరోపా సంస్థలు పనిచేస్తూనే ఉన్నాయి. దీన్ దయాళ్‌కు ఉండి వారికి లేనిది ఏమిటంటే, నవాబుల ఇంటి మర్యాద, వేటకు వచ్చిన దొర అహం, పరదా నియమం మూడింటినీ ఏకకాలంలో ఎరిగి మసలుకోగల నేర్పు. 1892లో హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక స్టూడియో తెరచి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించడం ఆ నేర్పుకు నిదర్శనం. పరదా వెనుక ఉన్న సమాజంలో సగభాగాన్ని ఏ కటకమూ దగ్గరకు తేలేదు. ఆ స్టూడియో తలుపు తేగలిగింది. 1905లో మరణించిన ఆయన గాజు నెగటివ్‌లలో 2,857 పలకలను ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో సేకరించింది.

ఇరవయ్యవ శతాబ్దంలో ఫిల్ము చుట్టలు, చేతిలో ఇమిడే కెమెరాలు వచ్చిన తరువాత ఈ ప్రశ్న కొత్త రూపం ధరించింది. దానికి పరీక్షాస్థలం అనదగిన వ్యక్తి ఒకరున్నారు. ఆయనే మహాత్మాగాంధీ. ప్రపంచంలోని పెద్ద పెద్ద ఛాయాచిత్రకారులు ఆయన ముందు నిలబడ్డారు. అందరికీ ఎదురుగా ఉన్నది ఒక్క మనిషే కనుక తేడా ఎక్కడున్నదో తేల్చడం తేలిక.

గాంధీజీ బంధువు నారణదాస్ గాంధీ కుమారుడు కనూ గాంధీ సేవాగ్రామంలో లెక్కలు, ఉత్తరాలు చూసే యువకుడు. ఆశ్రమ జీవితాన్ని చిత్రించాలన్న కోరిక కలిగింది. కెమెరాకు ఆశ్రమంలో డబ్బు లేదన్నారు గాంధీజీ. ఘనశ్యామ్‌దాస్ బిర్లా వంద రూపాయలు ఇవ్వగా దానితో కెమెరా, ఫిల్ము సమకూర్చుకున్నారు. గాంధీజీ మూడు షరతులు పెట్టారు. ఫ్లాష్ వాడరాదు, ఇలా కూర్చోండి, అలా చూడండి అనరాదు, ఆశ్రమం పైసా ఇవ్వదు. కెమెరా శాస్త్రం ప్రకారం మొదటి షరతు పెద్ద శిక్ష. పాకలలో వెలుతురు తక్కువ, నడిచే మనిషి వేగం ఎక్కువ. కనూ గాంధీ చిత్రాలలో కొన్ని మసకగా, కొన్ని కదలికతో చెదిరి ఉండడానికి ఇదే కారణం. కాని ఆ మసకలోనే మరెవరికీ దొరకని గాంధీజీ ఉన్నారు. తూకపు యంత్రంపై నిలబడిన గాంధీజీ, రైలు పెట్టె కిటికీలోంచి హరిజన నిధికై చేయి చాచిన గాంధీజీ. ఇంత దగ్గరగా ఉన్న కెమెరాకూ ఒక హద్దు ఉండేది. 1944 ఫిబ్రవరిలో ఆగాఖాన్ భవనంలో కస్తూరిబా చివరి ఘడియలను చిత్రించడానికి అనుమతి లభించలేదు.

1946లో ‘లైఫ్’ పత్రిక తరఫున మార్గరెట్ బర్క్‌వైట్ పూనా వచ్చారు. అమెరికాలో ఆనాటి అగ్రశ్రేణి ఛాయాచిత్రకారిణి ఆమె, సామగ్రిలో ఆమెకు లోటన్నది లేదు. రాట్నం వడకడం నేర్చుకుంటేనే రాట్నం వద్ద ఉన్న మహాత్ముని చిత్రించవచ్చునన్నారు ఆయన కార్యదర్శి. ఆమె నేర్చుకున్నారు. ఆ రోజు గాంధీజీ మౌనదినం. ఫ్లాష్ బల్బులు మూడే వాడాలని నియమం. మొదటి రెండూ వృథా అయ్యాయి, మూడవది ఫలించింది. రాట్నం ముందు కూర్చుని కాగితాలు చదువుకుంటున్న గాంధీజీ చిత్రం అలా పుట్టి, ఆయన మరణానంతరం ప్రపంచమంతటా ప్రసిద్ధమైంది. మూడు బల్బుల కట్టడి ఆమెకు మేలే చేసిందని నేను భావిస్తాను. ఆ చిత్రంలో మన కంటిని ముందుగా తాకేది కిటికీలోంచి వచ్చే సహజమైన వెలుగు.

1948 జనవరి 30 సాయంత్రం మరొక విధంగా గడిచింది. హత్యావార్త తెలియగానే బర్క్‌వైట్ బిర్లా భవనానికి వెళ్లి, కెమెరాను రహస్యంగా లోపలికి తీసుకుపోయి, పార్థివదేహం ఉన్న గదిలో ఫ్లాష్ వెలిగించారు. అక్కడి వారు ఆగ్రహించారు. ఫిల్ము తీసివేసి ఆమెను బయటకు పంపారు. అదే ప్రాంగణంలో ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు హెన్రీ కార్తియే బ్రెస్సన్ చిన్న లైకా కెమెరాతో, ఉన్న వెలుతురులోనే పనిచేశారు. ఆ రోజే, హత్యకు కొద్దిసేపటి ముందు, ఆయన గాంధీజీని కలుసుకుని ఉన్నారు. దీపపు స్తంభం వద్ద గోడపై నిలిచి మరణవార్త చెబుతున్న నెహ్రూ చిత్రం ఆయనదే. లైకా చౌక వస్తువు కాదు, బ్రెస్సన్ పేదింటి బిడ్డా కాదు. చవక కెమెరాతోనే గొప్ప కళ పుడుతుందన్న మాట కూడా అందువల్ల నిలబడదు. ఆ రాత్రి తేడా తెచ్చినది ఎవరి యంత్రం శోకగృహంలో కనబడకుండా ఉండగలిగిందన్నది. కనూ గాంధీ ఆ రోజు నౌఖాలీలో ఉన్నారు.

ఢిల్లీలోనే ఉన్న హోమయీ వ్యారావాలా ఆ సాయంత్రపు ప్రార్థనాసభకు బయలుదేరి, మరునాడు కలసి వెళదామన్న భర్త మాటపై వెనుదిరిగారు. ఆ విచారం ఆమెను జీవితాంతం వెన్నాడింది. 1913లో నవసారిలో జన్మించి, బొంబాయి జె.జె. కళాశాలలో చదివిన ఆమె తొలి చిత్రాలు భర్త మానెక్‌షా పేరుతో అచ్చయ్యాయి. 1942లో ఢిల్లీ వచ్చాక బరువైన స్పీడ్ గ్రాఫిక్, రోలీఫ్లెక్స్ కెమెరాలను వెంటబెట్టుకుని, చీరకట్టుతో, సైకిలుపై సభల నుంచి సభలకు తిరిగారు. దేశ విభజనకు అంగీకారం తెలుపుతూ నాయకులు చేతులెత్తిన 1947 జూన్ సమావేశాన్నీ, ఎర్రకోటపై ఎగిరిన తొలి జాతీయ పతాకాన్నీ ఆమె చిత్రించారు. సభామర్యాద పాటించడం, నాయకులు ఏమరుపాటుగా ఉన్న ఇబ్బందికర క్షణాలను తీయకపోవడం ఆ కాలపు పత్రికా ఛాయాచిత్రకారుల అలిఖిత నియమం.

దీర్ఘకటకాలు, వేగవంతమైన ఫిల్ములు వ్యాపించి, గుంపులుగా తోసుకువచ్చే కొత్త తరం రంగంలోకి దిగిన రోజులలో, 1970లో, ఆమె వృత్తి విరమించారు. కొత్తవారి ప్రవర్తన తనకు సరిపడలేదని తరువాత చెప్పుకున్నారు. 2011లో పద్మవిభూషణ్ లభించింది. మరుసటి సంవత్సరం జనవరిలో వడోదరలో కన్నుమూశారు. విరమణ తరువాతి నాలుగు దశాబ్దాలూ ఆమె వృత్తిపరంగా కెమెరాను మళ్లీ చేపట్టలేదు.