రెండు విగ్రహాలు, ఒకే కుర్చీ



మనవాళ్ళు ఎక్కిన పెద్ద పదవుల గురించి ఈ సిరీస్‌లో మాట్లాడుకుంటున్నాం. ఈసారి రెండు కుర్చీల సంగతి: ఒకటి కార్మిక శాఖది, రెండోది రక్షణ శాఖది.

మా నూజివీడు వైపు ఏప్రిల్ వచ్చిందంటే తోటల్లో మామిడి కోతల హడావిడి, వాడల్లో విగ్రహాలకు రంగుల హడావిడి. 5న బాబూ జగ్జీవన్‌రామ్ జయంతి, 14న బాబాసాహెబ్ జయంతి. చాలా ఊళ్ళలో మాలపల్లెలో ఒక విగ్రహం, మాదిగపల్లెలో ఇంకో విగ్రహం. ఒకరి దండ ఇంకొకరి మెడలో పడితే తప్పన్నట్టు నడుస్తోంది వ్యవహారం. జగ్జీవన్‌రామ్ బీహార్ చమార్ కులంలో పుట్టాడు. తోలు పని కులం కాబట్టి మాదిగలు తమవాడు అనుకున్నారు. అందులో తప్పేమీ లేదు. తప్పల్లా ఆ ఫ్లెక్సీల్లో ఉంది. వాటి మీద పదవులుంటాయి, పని ఉండదు. "మాజీ ఉప ప్రధాని" అని రాస్తాం. ఆ కుర్చీలో కూర్చున్న మనిషి ఏ ఫైలు కదిపాడు, ఎవరికి జవాబు చెప్పాడు అన్నది రాయం. పదవిని మాత్రమే చూస్తే ఇద్దరూ పోటీదారులుగా కనిపిస్తారు. పనిని చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది.

ముందు తండ్రుల దగ్గర మొదలుపెడదాం. అంబేద్కర్ తండ్రి రామ్‌జీ సక్పాల్ బ్రిటిష్ ఇండియా సైన్యంలో సుబేదార్. జగ్జీవన్‌రామ్ తండ్రి శోభీరామ్ కూడా అదే సైన్యంలో పనిచేసి ఉద్యోగం వదిలేసినవాడు. ఇద్దరూ సిపాయిల బిడ్డలే. అంటరాని కులాల్లో ఆనాడు చదువు అందిన ఇళ్ళలో సైన్యం ఇళ్ళు చాలానే ఉన్నాయి. అందుకే 1890ల్లో "యుద్ధ జాతులు" అనే సిద్ధాంతం పేరు చెప్పి మహర్లను సైన్యంలోకి తీసుకోవడం ఆపేసినప్పుడు పోయింది ఉద్యోగాలు మాత్రమే కాదు. బడి పోయింది, పింఛను పోయింది, ఊళ్ళో తలెత్తుకునే ధైర్యం పోయింది. 1941లో అంబేద్కర్ జాతీయ రక్షణ మండలి సభ్యుడయ్యాడు. మహర్లకు సైన్యం తలుపు మళ్ళీ తెరవాలని ఆయన పట్టుబడుతూ వచ్చాడు. అదే ఏడాది అక్టోబరులో మహర్ రెజిమెంట్ ఏర్పడింది.

ఇక కార్మిక శాఖ. 1942 జూలైలో అంబేద్కర్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడు. ఇప్పటి లెక్కలో కేంద్ర కార్మిక మంత్రి. 1946 మధ్య వరకూ ఆ కుర్చీలో ఉన్నాడు. ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పనిని 48కి దించిన సవరణ ఆయన హయాంలోదే. కార్మికుల ఆరోగ్య బీమా మీద అదార్కర్ నివేదిక వచ్చింది కూడా అప్పుడే. 1946 ఏప్రిల్‌లో కనీస వేతనాల బిల్లును కేంద్ర శాసనసభలో ప్రవేశపెట్టాడు. బిల్లు చట్టం కాకముందే ఆయన పదవీకాలం ముగిసింది.

1946 సెప్టెంబరు 2న తాత్కాలిక ప్రభుత్వం వచ్చింది. అందులో అందరికంటే చిన్నవాడైన మంత్రి, 38 ఏళ్ళ జగ్జీవన్‌రామ్. శాఖ? కార్మిక శాఖ. అదే కుర్చీ! 1948లో ఆయన మంత్రిగా ఉండగా కనీస వేతనాల చట్టం వచ్చింది. అదే ఏడాది ఈఎస్ఐ చట్టం వచ్చింది. ఒకరు విత్తిన చేలో ఇంకొకరు కోత కోశారు. ఈ మాట మన రెండు వాడల సభల్లోనూ వినపడదు.

ఇద్దరి మధ్యా తగాదా లేదని నేననడం లేదు. ఉంది, అది రాజకీయంగా చిన్నది కాదు. అంబేద్కర్ కాంగ్రెస్‌కు బయట షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ నడిపాడు. జగ్జీవన్‌రామ్ కాంగ్రెస్ లోపల ఉన్నాడు. అంటరానివాళ్ళ తరఫున మాట్లాడే హక్కు ఎవరిదన్నదే ఆ తగాదా. అయినా 1947 ఆగస్టులో ఇద్దరూ ఒకే మంత్రివర్గంలో కూర్చున్నారు. ఒకరిది న్యాయ శాఖ, ఇంకొకరిది కార్మిక శాఖ.

1951లో అంబేద్కర్ రాజీనామా చేశాడు. హిందూ కోడ్ బిల్లు కోసం చేశాడని అందరికీ తెలుసు. ఆ రాజీనామా ప్రకటనలో ఇంకో ఫిర్యాదు కూడా ఉంది. విదేశాంగం, రక్షణ వంటి ముఖ్యమైన మంత్రివర్గ సంఘాల్లో తనను సభ్యుడిగా వేయలేదని చెప్పాడు. రాజ్యాంగం రాయడానికి పనికొచ్చిన మనిషి దేశ రక్షణ గురించి చర్చించే బల్ల దగ్గరికి పనికిరాలేదన్నమాట.

19 ఏళ్ళ తర్వాత, 1970 జూన్‌లో, జగ్జీవన్‌రామ్ రక్షణ మంత్రిగా ఆ బల్ల దగ్గర కూర్చున్నాడు.

రక్షణ మంత్రి పని ఏమిటి? రాజ్యాంగం 53వ అధికరణ ప్రకారం సైన్యాలకు సర్వోన్నతాధికారి రాష్ట్రపతి. యుద్ధం ఎలా చెయ్యాలన్నది సైనికాధిపతుల పని. 1971లో సైన్యానికి మానెక్‌షా, నౌకాదళానికి నందా, వైమానిక దళానికి పి.సి. లాల్. వాళ్ళకు కావలసిన డబ్బు, ఆయుధాలు, అనుమతులు సమకూర్చడం, ముగ్గురినీ ప్రభుత్వ నిర్ణయంతో కలిపి నడపడం, మంచైనా చెడైనా పార్లమెంటులో లేచి నిలబడి జవాబు చెప్పడం మంత్రి పని. డిసెంబరు 3న మొదలైన యుద్ధం 16న ఢాకాలో ముగిసింది. సుమారు 93 వేల మంది లొంగిపోయారు.

ఇప్పుడు ఒక పోలిక చూడండి. 1962లో చైనా చేతిలో ఓడిపోతే రక్షణ మంత్రి కృష్ణమీనన్ కుర్చీ దిగాల్సి వచ్చింది. ఓటమికి బాధ్యుడు మంత్రి అని దేశమంతా ఒప్పుకుంది. 1971 గెలుపు కథలో ఇందిర ఉంటారు, మానెక్‌షా ఉంటారు. ఉండాలి కూడా. మరి మంత్రి ఏడి? ఓడితే మంత్రిది, గెలిస్తే ఇంకెవరిదో అన్న లెక్క ఎక్కడిది? పోటీ పరీక్షలకు చదివే మన పిల్లల్లో ఎంతమంది ఆ పేరు ఠక్కున చెప్పగలరో ఒకసారి అడిగి చూడండి.

బాధ్యత అంటే పొగడ్త ఒక్కటే కాదు. 1975 జూలైలో ఎమర్జెన్సీని ఆమోదించమని లోక్‌సభలో తీర్మానం పెట్టింది జగ్జీవన్‌రామే. 1977 ఫిబ్రవరిలో ఆయన కాంగ్రెస్‌ను వదిలి బయటికొచ్చి, ఆ పార్టీని ఓడించడంలో భాగమయ్యాడు. రెండోది చెప్పి మొదటిది దాచడం చరిత్ర కాదు. మన నాయకుల్ని మనమే లెక్క అడగకపోతే, వాళ్ళ గొప్పతనం గురించి మనం చెప్పే మాట ఇంకెవరు నమ్ముతారు?

మళ్ళీ రక్షణ మంత్రిగా ఉన్నప్పుడే, 1978 జనవరిలో కాశీలో సంపూర్ణానంద్ విగ్రహాన్ని ఆవిష్కరించాడు. ఆయన వెళ్ళాక కొందరు అగ్రకులాల విద్యార్థులు ఆ విగ్రహాన్ని గంగాజలంతో కడిగారు. త్రివిధ దళాలూ ఆ చేతి సంతకం కోసం ఎదురుచూస్తాయి. అదే చేయి ఒక రాతి బొమ్మను తాకితే మైల! పదవి కులాన్ని కడగదు. అయినా పదవి వల్ల ఒక పని జరుగుతుంది. చట్టం మిగులుతుంది.

అలా మిగిలిందాన్ని మన తోటల్లో వెతుకుదాం. కనీస వేతనాల చట్టం షెడ్యూల్ రెండో భాగంలో వ్యవసాయం ఉండేది. అందులో తోట పంటల పెంపకం, కోత కూడా ఉండేవి. అంటే బంగినపల్లి చెట్టు కింద కాయ ఏరే అక్క, గెడతో రసాలు కోసే తమ్ముడు, షెడ్డులో కాయ సైజు చూసి పెట్టెల్లో సర్దే పిన్ని, అందరూ ఆ చట్టం నీడలోనే ఉండేవారు. ఐదేళ్ళు దాటకుండా రేట్లు సమీక్షించాలని కూడా అందులోనే రాశారు. 2019 వేతనాల కోడ్‌లో ఆ చట్టాన్ని కలిపేశారు కానీ, కనీస వేతనం అన్న హక్కు కోడ్‌లో కూడా ఉంది. ఆ హక్కు వెనక మాల ఫైలు, మాదిగ ఫైలు అని రెండు లేవు. ఉన్నది ఒకే ఫైలు. దాన్ని ఒకరు మొదలుపెట్టారు, ఇంకొకరు ముగించారు.

వర్గీకరణ మీద మనకు అభిప్రాయ భేదాలున్నాయి. ఉండనివ్వండి, వాదించుకుందాం. అవి తేలేదాకా కూలి రేటు గురించి కలిసి అడగకూడదని ఏ విగ్రహమూ చెప్పలేదు. మేస్త్రీకి గానీ, తోట కొన్న వ్యాపారికి గానీ మనం ఏ పల్లె నుంచి వచ్చామన్న బాధ లేదు. ఇద్దరికీ తక్కువే ఇస్తారు.

విద్యార్థి మిత్రులకు ఒక పని. ఈసారి జయంతులకు ముందే మీ మండలంలో వ్యవసాయ కూలీలకు ప్రభుత్వం నోటిఫై చేసిన కనీస వేతనం ఎంతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి తెలుసుకోండి. తోటల్లో ఇస్తున్నదెంతో అడిగి రాసుకోండి. రెండు అంకెలూ పెద్ద అక్షరాలతో ఒకే ఫ్లెక్సీ మీద వేయించండి. 5న ఒక విగ్రహం దగ్గర, 14న ఇంకో విగ్రహం దగ్గర అదే ఫ్లెక్సీ కట్టండి.

జై భీమ్.