బండి చరిత్ర ఎవరూ అడగలేదు

ఈ వారం ఉగ్గాని, బజ్జీ గురించి రాస్తానని చెప్పి మోటారుసైకిలు గురించి రాస్తున్నాను. ఏమీ అనుకోకండి. మా ఇంట్లో తండ్రీకొడుకులు మూడు వారాలు మాట్లాడుకోకుండా చేసిన బండి అది.

మా మామ 1979లో, మిలిటరీ నుంచి రిటైరై వచ్చిన ఒకాయన దగ్గర ఆ బుల్లెట్టు కొన్నారు. అప్పుడాయన కోడుమూరు వైపు పల్లెల్లో టీచరు. మా ఆయన పుట్టినప్పుడు అత్తమ్మను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చింది ఆ బండి మీదనే. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, సాయంత్రం ఆ చప్పుడు వీధి మలుపులో వినిపించగానే టీకి నీళ్లు పెట్టేదాన్ని.

అసలు బుల్లెట్టు మనది కాదు. ఇంగ్లండులోని రెడ్డిచ్ అనే ఊళ్లో పుట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక సరిహద్దుల్లో గస్తీకి మన సైన్యం ఆ బండ్లను ఎంచుకుంది. 1955లో మద్రాసు మోటార్స్ వాళ్లు రెడ్డిచ్ కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. తిరువొత్తియూరులో తయారీ మొదలైంది. తరువాత ఇంగ్లండులో కంపెనీ మూతపడింది గానీ, మద్రాసులో మాత్రం ఆగలేదు. ఒకరకంగా మెట్టినింట్లోనే నిలబడిన కోడలు.

2009 అక్టోబరు 2 మీకు గుర్తుండే ఉంటుంది. కర్నూలు వాళ్లం ఎవరమూ మరిచిపోలేం. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కసారిగా ఊరి మీద పడ్డాయి. ఆ వరదలో శ్రీశైలం డ్యాముకు 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వచ్చాయి. మేము పిల్లలతో మిద్దె మీద ఉన్నాం. కింద బండి పూర్తిగా మునిగిపోయింది. నీళ్లు తీశాక బియ్యం డ్రమ్ములో, పెళ్లి ఆల్బంలో, బీరువా తాళంలో అంతా బురదే. మిగతావన్నీ పారేశాం. మామ మాత్రం నెలరోజులు కూర్చుని బండిని తనే విప్పి కడిగి నడిపించారు.

అయితే అప్పటి నుంచి దానికొక చెడ్డ గుణం పట్టుకుంది. కిక్కు కొడితే కాలిని వెనక్కి తన్నేది. రెండేళ్ల కిందట మామ మోకాలు వాచింది ఆ దెబ్బకే. అది చూసి మా ఆయన, నాయనకు కష్టం లేకుండా చేద్దామని, పాయింట్లు తీసేయించి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ పెట్టించారు. కొత్త బ్యాటరీ, కొత్త వైరింగుతో సహా. మామ పుట్టినరోజుకు బహుమానం అన్నమాట.

మొదటి కిక్కుకే స్టార్ట్ అయింది. కాలిని తన్నలేదు. డగ్ డగ్ అని నెమ్మదిగా, చక్కగా ఆడుతోంది. ఎక్స్‌లేటర్ తిప్పితే మాత్రం రేజు ఎత్తుకోదు. గొంతులో ఏదో అడ్డం పడినట్టు మూలిగి, టప్పుమని ఒక దగ్గు దగ్గుతుంది. మా గేటు దగ్గరి ఎత్తు కూడా ఎక్కలేకపోయింది.

"కొత్తది పెట్టొద్దని నేను చెప్పినా కదా" అన్నారు మామ. "పాత ఇనుముకు ఎంత పెట్టినా ఇంతే" అన్నారు ఈయన. అంతే, మాటలు బంద్. మెకానిక్ కార్బొరేటర్ రెండుసార్లు కడిగాడు, ప్లగ్గు మార్చాడు, కాయిల్ మార్చాడు, చివరికి కిట్టే మంచిది కాదన్నాడు. వేరే కిట్ తెప్పిస్తే అదీ అంతే. ఇక పాత సామాన్ల వాడికి ఇచ్చేద్దామని మా ఆయన ఫోను తీశారు. మామ లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు.

నాకు ఇంజన్ల సంగతి తెలియదు. తెలియనిదాన్ని కాబట్టి మొదటి నుంచీ నేర్చుకుందామని కూర్చున్నాను. ఇంజన్‌లో పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన దాన్ని ఒక నిప్పురవ్వ అంటిస్తుంది. పాత బండ్లలో ఆ రవ్వకు మూలం పాయింట్లు. 1910 ప్రాంతంలో అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ తీర్చిదిద్దిన పద్ధతి అది. పాయింట్లు తెరుచుకున్న క్షణంలో కాయిల్‌లో కరెంటు తెగి, వేల ఓల్టులు పుట్టి, ప్లగ్గు దగ్గర రవ్వగా దూకుతాయి. బుల్లెట్టు నిమిషానికి 3000 చుట్లు తిరిగితే 1500 రవ్వలు కావాలి.

రవ్వ పడగానే అంతా ఒక్కసారిగా మండదు, కొంచెం సమయం పడుతుంది. అందుకే పిస్టన్ పైకి చేరకముందే రవ్వ పడాలి. ఇంజన్ వేగం పెరిగేకొద్దీ మరీ ముందు పడాలి. పిల్లలు తొమ్మిదికి బడికి పోతే ఏడుకు పొయ్యి వెలిగిస్తాం, ఎనిమిదికే పోతే ఆరుకే వెలిగించాలి కదా, అదే లెక్క. ఆ పని చేయడానికి పాయింట్ల కింద రెండు చిన్న బరువులు, రెండు స్ప్రింగులు ఉంటాయి. వేగంగా తిరిగితే పరికిణీ అంచు విచ్చుకున్నట్టు ఆ బరువులు బయటికి విచ్చుకుని, రవ్వను ముందుకు జరుపుతాయి. మా కిట్ పాయింట్ల స్థానంలో మాత్రమే కూర్చుంది. కింది బరువులు పాతవే.

ఇది తెలిశాక మామకు టీ ఇచ్చి అడిగాను. "మామా, వరద తరువాత బండిని మీరు ఏం చేసినారు?"

చాలాసేపటికి చెప్పారు. "పికప్ లేకుండా పోయిండె. పాయింట్ల ప్లేటు కొంచెం ముందుకు తిప్పితే మళ్లీ లాగింది. అట్లే వదిలేసినా."

అదండీ సంగతి. బరువులు అప్పుడే బురదకు, తుప్పుకు బిగుసుకుపోయాయి. వాటంతట అవి రవ్వను ముందుకు జరపలేవు కాబట్టి, మామ ప్లేటు తిప్పి శాశ్వతంగా ముందుకు జరిపారు. రోడ్డు మీద బాగానే పోయేది. కిక్కు కొట్టేటప్పుడు మాత్రం రవ్వ మరీ ముందుగా పడి, పిస్టన్‌ను వెనక్కి తోసి, కాలిని తన్నేది. కొత్త కిట్‌ను మెకానిక్ పుస్తకంలో ఉన్న గుర్తుకు సరిగ్గా పెట్టాడు. అందుకే కిక్కు మెత్తబడింది, అందుకే రేజు పోయింది. తప్పు కొత్తదానిది కాదు. పద్నాలుగేళ్ల పాత జబ్బును అది బయటపెట్టింది.

బళ్ళారి చౌరస్తా దగ్గర ఒక పెద్ద సాయిబు పాత బండ్లు చూస్తాడని విని పిలిపించాం. ఆయన మూత విప్పి, లోపలి ముక్కను వేలితో తిప్పి చూపించాడు. వదిలితే స్ప్రింగుకు టక్కున వెనక్కి రావాలి. కదల్లేదు. "చేతులు ముడుచుకుపోయినాయమ్మా దీనికి" అన్నాడు. కుట్టుమిషన్ బిగుసుకుపోతే నేను చేసేదే చెప్పాను, కిరోసిన్‌లో నానబెడదామని. రాత్రంతా మా స్టీలు గిన్నెలో నానింది. పొద్దున్నే పాత చీర ముక్కతో తుడిచి, సాగిపోయిన స్ప్రింగులు మార్చి, చుక్క నూనె వేసి బిగించాడు.

ఆడవాళ్లకు ఇవన్నీ ఎందుకు అనేవాళ్లకు ఒక్క మాట. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్, మొగుడికి చెప్పకుండా ఆయన తయారుచేసిన కారులో ఇద్దరు కొడుకులను వేసుకుని, వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పుట్టింటికి వెళ్లింది. దారిలో పెట్రోలు గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచింది. ఇగ్నిషన్ తీగకు మేజోడు పట్టీ చుట్టి సరిచేసింది. కారులో అంత దూరం ప్రయాణం చేసిన మొదటి మనిషి పుట్టింటికి పోయే ఆడమనిషే.

ఆ సాయంత్రం మా ఆయన ఎక్స్‌లేటర్ తిప్పితే వీధి చివరి దాకా వినిపించింది. మామ గడప దగ్గర నిలబడి విన్నారు. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "ఆ ప్లేటు సంగతి నేనే ముందు చెప్పాల్సింది రా" అన్నారు. "నేను అడగాల్సింది నాయనా" అన్నారు ఈయన.

మామను వెనక కూర్చోబెట్టుకుని కొండారెడ్డి బురుజు దాకా వెళ్లొచ్చారు. మలుపులో చప్పుడు వినిపించగానే నేను టీకి నీళ్లు పెట్టాను. ఉగ్గాని వచ్చే వారం తప్పకుండా.