అమెరికా చరిత్ర: గ్రంథాలయ డేటాబేసుల్లో మూలాధారాల అన్వేషణ

చరిత్ర పరిశోధనలో మూలాధారాలంటే ఒక సంఘటన జరిగిన కాలంలో పుట్టిన పత్రాలు, లేదా అందులో ఉన్నవారు తర్వాత చెప్పిన జ్ఞాపకాలు. ఉత్తరాలు, డైరీలు, పత్రికలు, చట్టసభల నివేదికలు, జనగణన పట్టికలు, ఫొటోలు ఈ కోవలోకి వస్తాయి. అమెరికా చరిత్రకు ఇలాంటి సామగ్రి గ్రంథాలయ డేటాబేసుల్లో విస్తారంగా ఉంది. దాన్ని బయటికి తీయడానికి నేటి మాటలు చాలవు. ఆ కాలపు మాట, కేటలాగు రాసినవారి మాట రెండూ తెలియాలి.

కేటలాగుతో మొదలుపెట్టడం మేలు. అమెరికాలో చాలా గ్రంథాలయాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ రూపొందించిన విషయ శీర్షికలను వాడతాయి. వాటి చివర ‘సోర్సెస్’, ‘కరెస్పాండెన్స్’, ‘డైరీస్’, ‘పర్సనల్ నెరేటివ్స్’ అని ఉంటే ఆ పుస్తకంలో మూలాధారాలు ఉన్నట్టే. ‘సివిల్ వార్’కు ‘పర్సనల్ నెరేటివ్స్’ చేర్చి వెతికితే చరిత్రకారుల గ్రంథాలు తగ్గి సైనికుల జ్ఞాపకాలు ముందుకొస్తాయి. ప్రచురణ సంవత్సరాలను ఆ యుద్ధం జరిగిన 1861–1865కి కుదిస్తే మాత్రం చిక్కే. 1863లో రాసిన డైరీ నూరేళ్ల తర్వాత అచ్చయి ఉంటే అది ఆ వడపోతలో పోతుంది.

పత్రికలకు ‘క్రానిక్లింగ్ అమెరికా’ మంచి ఆకరం. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది హ్యుమానిటీస్ కలిసి 2007లో దీన్ని అందుబాటులోకి తెచ్చాయి. వాడకం ఉచితం. 1918 నాటి ఫ్లూ మహమ్మారినే తీసుకుంటే, సెప్టెంబరు 28న ఫిలడెల్ఫియాలో యుద్ధ రుణ పత్రాల ప్రచారానికి భారీ ఊరేగింపు జరిగింది. కొద్ది రోజుల్లోనే నగరమంతా జబ్బు పాకింది. అక్టోబరు మొదటి వారంలో బడులు, చర్చిలు, థియేటర్లు మూతపడ్డాయి. ఆ రోజుల ‘ఈవెనింగ్ పబ్లిక్ లెడ్జర్’ సంచికలు ఇందులో ఉన్నాయి. వెతకాల్సిన మాటలు ‘ఇన్‌ఫ్లుయెంజా’, ‘గ్రిప్’. అప్పటి మొదటి ప్రపంచ యుద్ధాన్ని కూడా ‘గ్రేట్ వార్’ అనే వెతకాలి. రెండోది ఇంకా రాలేదు గనక దాన్ని మొదటిదిగా లెక్కపెట్టడం అప్పటికి వాడుకలో లేదు. దొరికిన వార్తతో ఆగకుండా పేజీ మొత్తం తెరవాలి. జబ్బుకు ఎంత చోటిచ్చారు, యుద్ధానికి ఎంత ఇచ్చారు అన్నది కూడా సాక్ష్యమే.

స్కాన్ చేసిన పేజీల నుంచి యంత్రం చదివిన అక్షరాలను పూర్తిగా నమ్మడానికి లేదు. 18వ శతాబ్దపు అచ్చులో పొడవాటి ‘ఎస్’ అక్షరం ‘ఎఫ్’లా ఉంటుంది కాబట్టి కంప్యూటర్ ‘కాంగ్రెస్’ను తరచూ తప్పుగా చదువుతుంది. ఫలితం సున్నా వచ్చిందంటే ఆ విషయం ఎవరూ రాయలేదని కాదు. కొన్నిసార్లు అసలు పత్రమే మిగలదు: 1890 జనగణన పత్రాల్లో చాలా భాగం 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయింది లేదా దెబ్బతింది. ఇంకొన్నిటికి చట్టం అడ్డు. జనగణనలో వ్యక్తుల వివరాలు 72 ఏళ్లు బయటపెట్టరు; 1950 నాటివి 2022 ఏప్రిల్ 1న తెరిచారు.

మూలాధారం దొరికినంత మాత్రాన అందులోని ప్రతి మాటా నిజం కాదు. బానిసత్వం అనుభవించినవారి కథనాలను 1936–38 మధ్య ఫెడరల్ రైటర్స్ ప్రాజెక్ట్ అనే ప్రభుత్వ పథకం సేకరించింది. వాటిలో 2,300కు పైగా కథనాలను లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైటులో చదవచ్చు. చెప్పినవారు వృద్ధులు. అడిగినవారిలో ఎక్కువమంది తెల్లవారు, అదీ జాతి వివక్ష చట్టాలు అమల్లో ఉన్న దక్షిణాదిలో. ఏది చెప్పారో, ఏది మింగేశారో ఈ నేపథ్యంలోనే అంచనా వేయాలి.

రీడెక్స్, ప్రోక్వెస్ట్ వంటి సంస్థల డేటాబేసులకు గ్రంథాలయం చందా కట్టి ఉండాలి. చందా లేని చోట, హైదరాబాదులోనైనా విశాఖలోనైనా, ‘క్రానిక్లింగ్ అమెరికా’తో పాటు వాషింగ్టన్, జెఫర్సన్ వంటి నేతల లేఖలున్న ‘ఫౌండర్స్ ఆన్‌లైన్’ ఉచితంగా అందుతుంది. డిజిటల్ కాని సేకరణలే ఇప్పటికీ ఎక్కువ. అవి ఏ ఊళ్లో ఉన్నాయో ‘ఆర్కైవ్‌గ్రిడ్’ అనే సైటు చూపిస్తుంది. సేకరణ వివరణ పట్టికలో పెట్టె సంఖ్య, ఫోల్డర్ సంఖ్య చూసుకుని ఆర్కైవ్ సిబ్బందికి రాస్తే, చాలా చోట్ల రుసుము తీసుకుని నకళ్లు పంపుతారు.