తాతగారి పేనాకత్తి వయసెంత?

ఉగాదికి మన సంఘంలో పాత వస్తువుల ప్రదర్శన పెడుతున్నాం కదా, మా ఇంటి మడతచాకు ఇస్తానని నేనే మాటిచ్చాను. దాని పక్కన పెట్టే చీటీ మీద ఏం రాయాలన్న దగ్గర మా ఇంట్లో గొడవ మొదలైంది.

నేను చదివింది తమిళ బడి. అక్కడ దీన్ని పేనాకత్తి అనేవాళ్ళం. ఈక కలాల మొన చెక్కడానికి పుట్టింది గనక ఇంగ్లీషులోనూ పెన్ నైఫే. మనవైపు తాటాకుల రోజుల్లోనే ఇలాంటిది ఉండేది. ఒక కొసన గంటం, ఇంకో కొసన ఆకు కోసే కత్తి, రెండూ పిడిలోకి మడుచుకుంటాయి. మడక్కెళుత్తాణి అని మా తమిళ అయ్యవారు చెప్పేవారు.

సరే, మా చాకు సంగతి. విక్టోరియా రాణి కాలంలో కంటోన్మెంటు దొర ఒకాయన మా ముత్తాతకు ఇచ్చాడని అన్నయ్య చెబుతాడు. నలభై ఏళ్ళు నేనూ అదే చెప్పుకు తిరిగాను. మొన్న భూతద్దం పెట్టి చూశాను.

చూడవలసింది పిడిని కాదు, అలుగు మొదట్లో, మడతమేకు దగ్గర. మా దాని మీద నక్షత్రం, మాల్టా శిలువ ఉన్నాయి. అంటే షెఫీల్డు ఊరి జోసెఫ్ రాడ్జర్స్ కంపెనీ. ఆ కంపెనీ రాజుగారి కత్తుల వాళ్ళు గనక కిరీటానికి అటూ ఇటూ రాజు అక్షరాలు కొట్టేవారు. వి.ఆర్. అంటే విక్టోరియా, 1837 నుంచి 1901. ఇ.ఆర్. అంటే ఎడ్వర్డు, 1910 దాకా. మా దాని మీద ఉన్నది జి.ఆర్.!

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 1830లో పోయిన నాలుగో జార్జికీ అవే అక్షరాలు. పాత సామాన్ల అంగడిలో "ఇన్నూరు వరుషాల సరుకు సార్" అంటే నమ్మేస్తాం. కానీ మా అలుగు మీద ఇంకో మాట ఉంది, స్టెయిన్‌లెస్. ఆ ఉక్కును హ్యారీ బ్రేర్లీ షెఫీల్డులో తయారుచేసింది 1913లో. కాబట్టి ఇది అయిదో జార్జి కాలానిదో, 1952లో పోయిన ఆరో జార్జి కాలానిదో అయ్యుండాలి. మా ముత్తాత పోయింది 1911లో.

దేశం పేరు కూడా చూడండి. దిగుమతి సరుకు మీద అది ఉండాలని అమెరికా 1890లో చట్టం చేసింది. అందుకని 'ఇంగ్లండ్' అని కొట్టి ఉంటే సాధారణంగా ఆ తరవాతిదే. పట్టాళం చాకులైతే సులువు, బాణం గుర్తు పక్కనే చాలావాటికి సంవత్సరం కొట్టి ఉంటుంది.

ఒక్క మనవి. తెచ్చేముందు ఇటుకపొడి, చింతపండు పెట్టి తోమకండి. చిన్నప్పుడు నేను అలా తోమి సగం అక్షరాలు అరగదీశాను, మిగిలినవే ఇప్పుడు దిక్కయ్యాయి.

దొర ఇచ్చింది కాదు, రైల్వే జీతంతో తాత కొనుక్కున్నదే అయ్యుంటుందని నా లెక్క. చీటీ మీద "జోసెఫ్ రాడ్జర్స్, షెఫీల్డు, 1913 తరవాతిది" అని రాసిచ్చాను. అన్నయ్య ఇంకా మాట్లాడటం లేదు. ప్రదర్శనకు వస్తానన్నాడు, ఆయన ముందు దయచేసి ఈ సంగతి ఎత్తకండి.