స్కాండినేవియాలో నాయకత్వ పాఠాలు: రెండు వారాల చదువు ఎవరికి అందుతోంది?

అమెరికా కాలేజీల్లో నాయకత్వం కూడా ఒక సబ్జెక్టే. సెమిస్టర్ అంతా క్లాసులో చదువుకుని, చివర్లో రెండు మూడు వారాలు లెక్చరర్‌తో కలిసి డెన్మార్క్, నార్వే, స్వీడన్ వెళ్లివచ్చే కోర్సులను అక్కడి కాలేజీలు నడుపుతున్నాయి. విద్యార్థులు పార్లమెంటు, మునిసిపాలిటీ, సహకార సంఘాలు, కార్మిక సంఘాల ఆఫీసులు, బడులు చూస్తారు. తిరిగొచ్చి రిపోర్టు రాస్తే క్రెడిట్లు వస్తాయి. విదేశీ చదువుకు వెళ్లే అమెరికన్ విద్యార్థుల్లో సగానికి పైగా ఇలాంటి స్వల్పకాలిక కోర్సులకే వెళ్తారు.

పైకి ఇది డబ్బున్న పిల్లల విహారయాత్రలా కనిపిస్తుంది. కానీ వాళ్లు అక్కడికి వెళ్లి చూసే బడుల చరిత్ర మనకు పనికొచ్చేది.

పరీక్షల్లేని బడి

డెన్మార్క్‌లో రైతు కుటుంబాల మగవాళ్లు తాము పుట్టిన ఎస్టేటు వదిలి వెళ్లడానికి వీల్లేని చట్టం ఒకటి ఉండేది. మన వెట్టిని గుర్తుచేసే ఈ చట్టం 1788లో రద్దయింది. కట్టు తెగినా చదువు మాత్రం పెద్దింటి వాళ్ల దగ్గరే, లాటిన్ భాషలోనే ఉండిపోయింది. పల్లె జనం తమ సొంత భాషలో మాట్లాడుతూ, చర్చిస్తూ దేశ వ్యవహారాలు నేర్చుకునే బడి కావాలని ఎన్.ఎఫ్.ఎస్. గ్రుండ్‌విగ్ (1783–1872) వాదించాడు. అలాంటి మొదటి బడి 1844లో రోడింగ్ అనే ఊళ్లో మొదలైంది. దాన్నే ఫోక్ హైస్కూల్ అంటారు. పేరులో హైస్కూల్ అని ఉన్నా అది పెద్దవాళ్ల బడి. విద్యార్థులూ టీచర్లూ ఒకేచోట ఉంటారు, కలిసి తింటారు. పరీక్షలు లేవు, మార్కులు లేవు. ఇప్పటికీ డెన్మార్క్‌లో దాదాపు 70 ఫోక్ హైస్కూళ్లు ప్రభుత్వ సహాయంతో నడుస్తున్నాయి. నార్వేలో 1864లో, స్వీడన్‌లో 1868లో ఇవి మొదలయ్యాయి.

ఈ కథలో ఒక లోపం ఉంది. మొదట్లో ఈ బడులకు వచ్చిన వాళ్లలో ఎక్కువమంది సొంత భూమి ఉన్న రైతుల పిల్లలే. 1849 రాజ్యాంగం ఓటు హక్కు తెచ్చినా ఆడవాళ్లకు, ఇంకొకరి ఇంట్లో పనిచేసే జీతగాళ్లకు ఇవ్వలేదు. చిన్నకమతాల వాళ్లు, కార్మికులు తర్వాత తమ బడులు తామే పెట్టుకున్నారు. ఎస్బ్యెర్‌లో కార్మికుల ఫోక్ హైస్కూల్ 1910లో వచ్చింది.

వెళ్లి చూసి వచ్చినవాడు ఏం చేశాడు?

అమెరికాలోని టెనెస్సీలో పేద కుటుంబంలో పుట్టిన మైల్స్ హోర్టన్ (1905–1990) ఈ బడులు చూడటానికి 1931లో డెన్మార్క్ వెళ్లాడు. పాత బడులు చాలావాటిలో మునుపటి వేడి తగ్గిందని అతనికి అనిపించింది. కార్మికులతో నడిచేవి నచ్చాయి. భవనాన్ని, పాఠ్యప్రణాళికను అలాగే దింపకుండా, జనం తమ సమస్యను తామే చర్చించుకునే పద్ధతిని మాత్రం వెంట తెచ్చుకున్నాడు. 1932లో టెనెస్సీ కొండల్లో హైలాండర్ ఫోక్ స్కూల్ మొదలైంది. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే బల్ల మీద తినకూడదన్న చట్టాలున్న రాష్ట్రంలో అక్కడ కలిసి తిన్నారు, కలిసి చదువుకున్నారు.

1955 ఎండాకాలంలో మాంట్‌గోమరీ నుంచి రోజా పార్క్స్ అనే దర్జీ పనిచేసే మహిళ స్కాలర్‌షిప్ మీద రెండు వారాల వర్క్‌షాప్ కోసం హైలాండర్‌కు వచ్చింది. అప్పటికే ఆమె పౌర హక్కుల సంఘంలో ఏళ్లుగా పనిచేస్తోంది. అదే ఏడాది డిసెంబర్ 1న ఆమె బస్సులో సీటు వదలడానికి నిరాకరించింది.

1957 జనవరిలో దక్షిణ కరోలినాలోని జాన్స్ ఐలాండ్‌లో హైలాండర్ సాయంతో పౌరసత్వ బడి తెరిచారు. ఓటరుగా నమోదు కావాలంటే అక్కడ చదవడం వచ్చని నిరూపించుకోవాలి. సెప్టిమా క్లార్క్ ఈ బడికి టీచర్‌గా ఉద్యోగ అనుభవం ఉన్నవాళ్లను తీసుకోకుండా, సౌందర్య పోషణ వృత్తిలో ఉన్న బెర్నీస్ రాబిన్సన్‌ను ఎంచుకుంది. మీకేం నేర్చుకోవాలని ఉందో చెప్పండని రాబిన్సన్ వాళ్లనే అడిగింది. సంతకం, మనీ ఆర్డర్ ఫారం, ఓటరు దరఖాస్తు: ఇవే పాఠాలయ్యాయి. 1961లో టెనెస్సీ ప్రభుత్వం హైలాండర్ గుర్తింపు రద్దు చేసి ఆస్తి స్వాధీనం చేసుకుంది. అప్పటికే పౌరసత్వ బడులు వేరే సంస్థల చేతుల్లోకి వెళ్లి దక్షిణాది అంతటా విస్తరిస్తున్నాయి. హైలాండర్ కూడా మరో పేరుతో మళ్లీ నిలబడింది.

చూపించేది ఒక్కటే కాదు

సమానత్వానికి స్కాండినేవియా చిరునామా అని టూర్లలో చెప్తారు. ఉత్తర ప్రాంతపు సామీ ఆదివాసులను అడిగితే ఇంకో కథ చెప్తారు. నార్వే వాళ్ల పిల్లలను బడుల్లో సామీ భాషకు దూరం చేసింది. ఆల్టా నది మీద డ్యామ్‌కు వ్యతిరేకంగా 1979లో సామీ యువకులు ఓస్లోలో పార్లమెంటు ఎదుట నిరాహార దీక్ష చేశారు. డ్యామ్ ఆగలేదు. కానీ పదేళ్లకు, 1989లో, సామీ పార్లమెంటు ఏర్పడింది. నాయకత్వం నేర్పే కోర్సులో ఈ పాఠం లేకపోతే ఆ కోర్సు సగమే.

ఎవరు వెళ్లగలరు?

అమెరికాలో పేద విద్యార్థుల కోసం 2000లో చేసిన చట్టం కింద గిల్మన్ స్కాలర్‌షిప్ ఉంది. ప్రభుత్వ పెల్ గ్రాంటు పొందే డిగ్రీ విద్యార్థులకు, కొన్ని వారాల కోర్సుకు కూడా ఇది వర్తిస్తుంది. మన దేశంలో ఎస్సీ విద్యార్థుల కోసం కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మాస్టర్స్, పీహెచ్‌డీలకే. తెలంగాణ అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కూడా పూర్తి స్థాయి పై చదువుల కోసమే. డిగ్రీ చదివే దళిత విద్యార్థి మూడు వారాల కోర్సుకు వెళ్లాలంటే ఇవి పనికిరావు. పై చదువులకు అక్కడికి వెళ్లాలన్నా, యూరప్ బయటి విద్యార్థులకు డెన్మార్క్ 2006లో, స్వీడన్ 2011లో, ఫిన్లాండ్ 2017లో, నార్వే 2023లో ట్యూషన్ ఫీజు పెట్టాయి.

తెలుసుకోదగిన చోట్లు రెండున్నాయి. డెన్మార్క్‌లోని హెల్సింగోర్‌లో 1921లో మొదలైన ఇంటర్నేషనల్ పీపుల్స్ కాలేజీ ఇంగ్లిష్‌లో బోధించే ఫోక్ హైస్కూల్. కుల వివక్షను ఐక్యరాజ్యసమితి, యూరోపియన్ యూనియన్ ముందు పెట్టే ఇంటర్నేషనల్ దళిత్ సాలిడారిటీ నెట్‌వర్క్ ఆఫీసు కోపెన్‌హేగన్‌లో ఉంది.

ఇలాంటి కోర్సు మీ కాలేజీకి వస్తే ఇవి అడగండి:

• విమానం, వీసా, తిండి ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? ముందే ఇస్తారా, తర్వాత చెల్లిస్తారా?
• ఎంపిక ఇంగ్లిష్ ఇంటర్వ్యూ మీదా, చేసిన పని మీదా?
• ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు సీట్లు కేటాయించారా?
• తిరిగొచ్చాక నేర్చుకున్నది బస్తీలో, ఊళ్లో వాడటానికి కాలేజీ ఏ సాయం చేస్తుంది?

మనకు ఈ ఆలోచన కొత్త కాదు. రాజకీయాల్లోకి వచ్చేవాళ్లకు శిక్షణ ఇవ్వడానికి అంబేద్కర్ 1956లో బొంబాయిలో ఒక బడి మొదలుపెట్టారు. అదే ఏడాది డిసెంబర్‌లో ఆయన పోయారు, ఆ తర్వాత కొద్ది నెలలకే బడి ఆగిపోయింది. ఫోక్ హైస్కూల్‌కు కావలసిన మొదటి వసతి, అంటే ఒకేచోట ఉండి తిని చదువుకునే చోటు, ఎస్సీ హాస్టళ్ల రూపంలో ఊరూరా మన దగ్గర ఉంది. వారంలో ఒక సాయంత్రం మార్కులతో పనిలేకుండా అక్కడ కూర్చుని, భూమి పట్టా ఎలా చదవాలి, ఎట్రాసిటీ ఫిర్యాదు ఎలా రాయాలి, గ్రామసభలో ఎలా మాట్లాడాలి అని నేర్చుకోవడానికి వీసా అక్కర్లేదు. సీనియర్లు, వార్డెన్ కలిసి అనుకుంటే వచ్చే వారమే మొదలుపెట్టవచ్చు.