స్తంభం దగ్గర ఏడుపు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు అడిగినప్పుడు బడి కంటే ముందు నాకు గుర్తొచ్చింది, బడి నుంచి ఇంటికి పోయే దారిలో పడ్డ భయం. బొబ్బిలిలో చదువుకున్న మనలో చాలామందికి ఆ భయం తెలుసు. ఆటల్లో పడి పొద్దుపోతే యుద్ధస్తంభం వైపు నుంచి ఒంటరిగా వచ్చే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. "ఒరే గుంటడా, దీపాలెట్టిన ఏళకి అటేపు ఎల్లకు. ఆడోళ్లూ పిల్లలూ ఏడుస్తన్నట్టు ఇనిపిస్తాది" అనేది మా నాయనమ్మ. ఎనిమిదో తరగతిలో ఒక సాయంత్రం నాకు నిజంగానే వినిపించింది. అది నక్కో, పిల్లో, నా గుండె చప్పుడో ఇప్పుడు చెప్పలేను. చేతిలో ఉన్న టిఫిన్ క్యారేజీ వదిలేసి పరిగెత్తిన మాట మాత్రం నిజం. క్యారేజీ పోయినందుకు మా అమ్మ చేతిలో తిన్న దెబ్బలూ నిజమే.

తర్వాత నేను చరిత్ర చదువుకుని, సోషల్ మాస్టారినై, ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు అదే యుద్ధం చెప్పాను. ఎలా చెప్పానో చెప్పుకోవడానికే ఈ వ్యాసం.

కథ అందరికీ తెలిసిందే కనుక క్లుప్తంగా రాస్తాను. ఉత్తర సర్కారుల మీద హక్కు 1753లో నిజాం సలాబత్ జంగ్ నుంచి ఫ్రెంచివారికి దక్కింది. కప్పం వసూలుకు బుస్సీ దొర ఇటు వచ్చాడు. విజయనగరం పూసపాటి విజయరామరాజుకీ, బొబ్బిలి వెలమ దొర రంగారావుకీ అప్పటికే పొసగదు. ఏటి నీళ్ల మళ్లింపుల తగాదా కూడా అందులో ఉంది. రాజులు ఎంత పౌరుషం మాట్లాడినా చివరికి పొలానికి నీళ్లే కదా! బొబ్బిలి వదిలి వేరేచోట భూములు తీసుకోమన్న బుస్సీ మాటకు రంగారావు ఒప్పుకోలేదు. 1757 జనవరి 24న ఫిరంగులు మట్టికోట మీదికి పేలాయి.

కోట నిలవదని తేలిపోయాక జరిగినదే ఆ స్థలాన్ని అలా చేసింది. శత్రువు చేతికి చిక్కకూడదని కోట లోపలి ఇళ్లకు తమవాళ్లే నిప్పు పెట్టారు. మంటల్లోంచి బయటికి పరిగెత్తిన ఆడవాళ్లనీ పిల్లలనీ తమవాళ్లే బల్లేలతో, బాకులతో పొడిచారు. ఆ తర్వాత మగవాళ్లు పోరాడి చచ్చిపోయారు. రెండు దశాబ్దాల తర్వాత అచ్చయిన తన గ్రంథంలో రాబర్ట్ ఓర్మ్ అనే ఆంగ్ల చరిత్రకారుడు ఈ సంగతులు రాశాడు. లోపలికి వచ్చి ఆ దృశ్యం చూసిన విజేతల ఆనందం ఆవిరైపోయిందనీ, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ నిలబడిపోయారనీ ఆయన మాట.

మూడో రాత్రి విజయరామరాజు తన డేరాలోనే హతుడయ్యాడు. రాజాం నుంచి వచ్చిన తాండ్ర పాపారాయుడు ఆ పగ తీర్చాడని మన జంగం కథలు పాడాయి. దిట్టకవి నారాయణకవి 'రంగరాయ చరిత్రము' రాశాడు. వేదం వేంకటరాయశాస్త్రిగారు నాటకం రాశారు. 1964లో సినిమా వచ్చింది. బడి వార్షికోత్సవంలో పాపారాయుడి వేషం కోసం మనం కొట్టుకున్న సంగతి మావాళ్లెవరూ మరిచిపోయి ఉండరు. నాకు ఆ వేషం దక్కలేదు. డేరా బయట కాపలా భటుణ్ని నేను.

దయ్యాల చోట్లన్నీ ఒకలాంటివి కావు. రాజస్థాన్‌లోని భాన్‌గఢ్ కోటలోకి పొద్దుగూకాక వెళ్లకూడదని పురావస్తు శాఖవారి బోర్డు ఉంది. దయ్యాలున్నాయి కాబట్టే సర్కారు బోర్డు పెట్టిందని జనం చెప్పుకుంటారు. ఆ శాఖవారు చాలా కట్టడాలను సాయంత్రానికి మూసేస్తారన్న సంగతి ఎవరికీ పట్టదు. అక్కడి భయానికి ఒక మాంత్రికుడూ, ఒక రాకుమారీ, ఒక శాపమూ కావలసి వచ్చాయి. మన బొబ్బిలికి అలాంటి కల్పన అవసరం లేదు. జరిగినది చాలు.

అయితే ఒక సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది. పాపారాయుడు దయ్యమై తిరుగుతున్నాడని మా నాయనమ్మ ఎన్నడూ అనలేదు. రంగారావు గుర్రం డెక్కల చప్పుడు వినిపిస్తుందనీ అనలేదు. ఆమె చెప్పింది ఆడవాళ్ల ఏడుపు, పిల్లల ఏడుపు. వీరులకు పాట ఉంది, నాటకం ఉంది, సినిమా ఉంది. 1891లో లేపిన స్తంభం ఉంది. రాణి మల్లమ్మదేవి పేరైనా మిగిలింది. తక్కినవాళ్లకు పేర్లు లేవు, పిండం పెట్టినవారు లేరు. వాళ్లకు దక్కింది అక్షరం ముక్క రాని మా నాయనమ్మ భయం ఒక్కటే.

నేనూ పాఠంలో ఆ నిప్పును ఒక్క వాక్యంలో దాటించేవాణ్ని. "మానం కాపాడుకోవడానికి ప్రాణత్యాగం చేశారు" అని బోర్డు మీద రాసి, కింద గీత గీసేవాణ్ని. పరీక్షల్లో పిల్లలు అదే రాసేవారు, నేను మార్కులు వేసేవాణ్ని. రిటైరవడానికి రెండేళ్ల ముందు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "మాస్టారూ, చంపేముందు వాళ్లని అడిగారా?" అంది. క్లాసులో కొందరు నవ్వారు. నేను నవ్వలేదు గానీ, "కూర్చోమ్మా, సిలబస్ అవలేదు" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంది.

ఆ పిల్లకు జవాబు వెతుక్కుంటూ ఓర్మ్ రాసింది మళ్లీ చదివాను. అడిగారో లేదో ఆయన రాయలేదు. కానీ మొదటిసారి చదివినప్పుడు నేను పట్టించుకోని ఒక ముసలివాడు అందులో కనిపించాడు. అంతా అయిపోయాక ఆయన ఒక పసివాణ్ని చేయి పట్టుకుని నడిపించుకుంటూ శత్రుసైన్యం దగ్గరికి వచ్చాడట. వీడు రంగారావు కొడుకనీ, తండ్రి ఇష్టానికి విరుద్ధంగా తానే బతికించాననీ చెప్పి ఫ్రెంచి అధికారికి అప్పగించాడట. ఆ పసివాడే చిన్న రంగారావు. ఆంగ్లేయుల కాలంలో బొబ్బిలి మళ్లీ ఆయనకు దక్కింది. స్తంభం వేయించిన రాజావారూ, 1932లో మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రి అయిన రాజావారూ కూర్చున్నది ఆ గద్దె మీదే. ఆ రోజు ఆజ్ఞ మీరిన ముసలివాడి పేరు నాకు ఎక్కడా దొరకలేదు.

మొన్న జనవరిలో మనవరాలిని తీసుకుని స్తంభం దగ్గరికి వెళ్లాను. చీకటి పడుతోంది. ఇక్కడ దయ్యాలుంటాయా తాతా అని అడిగింది. క్యారేజీ పారేసి పరిగెత్తిన కథ చెబితే పడీపడీ నవ్వింది. తర్వాత ఆ ముసలివాడి కథ చెప్పాను. అది విని నవ్వలేదు. ఆ తాతని వాళ్లు కొట్టారా అని అడిగి, ఇంటికి వచ్చేదాకా నా చేయి వదల్లేదు.